సాయమో, సయామో

మా అత్తగారింట్లో ‘సాయం’ అనే మాట అనకూడదు. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. కొత్త కోడలిగా బొబ్బిలి వచ్చిన మూడో రోజున, చదువుకున్న మర్యాదంతా గొంతులోకి తెచ్చుకుని, “అత్తా, వంటలో సాయం చెయ్యమంటావా?” అన్నాను. అత్త చేతిలోని తెడ్డు గోడకి తగిలి కింద పడింది.

“ఈ కొంపలో ఆ మాట అనకు. సెయ్యి వెయ్యమంటావా అని అడుగు. నోరేటీ అరిగిపోదు.”

నేనూ ఊరుకునే రకం కాదు. కారణం చెప్పమన్నాను. చెప్పడానికి ఆవిడకి నాలుగేళ్లు పట్టింది.

మా అత్త పేరు అప్పలనరసమ్మ. ఆవిడ తల్లి కడుపులో ఉండగానే తండ్రి ఎర్రయ్య మలయా రబ్బరు తోటలకి కూలికి పోయాడు. యుద్ధం వచ్చింది, కబుర్లు ఆగిపోయాయి. యుద్ధం అయ్యాక మలయా నుంచి బతికి వచ్చిన మనిషెవరో చెప్పిన మాట, సంతలో ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి మారి, చివరికి ఎర్రయ్య తమ్ముడి నోట ఇంటికి చేరింది. “అన్న సాయం పోనాడట. సాయం పోనోలెవులూ తిరిగి రానేదట.”

ఎవరికి సాయం? ఎక్కడికి? చెప్పినవాడికి తెలీదు. ఎర్రయ్య భార్య పైడమ్మ జవాబు తనే చెప్పుకుంది: కడుపుతో ఉన్న పెళ్లాన్ని వదిలేసినవాడు అక్కడ ఏ ఆడదానికో సాయం పోయాడు, ఇంక రాడు. చనిపోయేదాకా ఆవిడ గాజులు తీయలేదు, తిట్లు ఆపలేదు. మొగుడు పోయాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి గాజులు. ఎక్కడో సుఖంగా ఉన్నాడని నమ్మింది కాబట్టి తిట్లు. మా అత్త ఆ తిట్లు వింటూ పెరిగింది. తండ్రి ముఖం ఎలా ఉంటుందో తెలీదుగానీ, తండ్రి మీద తిట్లు మాత్రం ఎనభై దాటిన ఈ వయసులోనూ వరసగా అప్పజెప్పగలదు.

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. పోయిన ఏడాది స్టోర్ రూములో చెద తినగా మిగిలిన పాత తెలుగు ప్రపంచ పటం ఒకటి దొరికితే దులిపి క్లాసులో తగిలించాను. థాయ్‌లాండ్ ఉండాల్సిన చోట ‘సయాం’ అని ఉంది. చదవమంటే ఒక పిల్ల “సాయం” అని చదివింది. క్లాసంతా నవ్వింది. నా చేతిలో సుద్దముక్క అలాగే ఆగిపోయింది.

మలయా తోటల కూలీలను జపాను సైన్యం సయాంలో రైలుదారి వేయించడానికి పట్టుకుపోయిందని నాకు తెలుసు. మా ఇంట్లో సాయం అనకూడదనీ తెలుసు. ఆ రెండు సంగతులూ పాతికేళ్లకు పైగా నా తలలో పక్కపక్కనే కూర్చుని ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

ఆ సాయంత్రమే అన్నాను. “అత్తా, అది సాయం కాదు, సయాం. అదొక దేశం.”

“మాయమ్మకి సెవుడా?”

“మీ అమ్మకి కాదు. సంతలో విన్నవాళ్లకి.”

“నువ్వు సదువుకున్నావని నా బాబు పోనకాడ మార్సీకు. ఆ దేశం నువ్వు సూసినావా?”

చూడలేదు. దసరా సెలవుల్లో స్టాఫ్‌రూములోని ఆడవాళ్లు బ్యాంకాక్ టూరు వేసుకుంటుంటే నా పేరూ రాయించాను. బయల్దేరే రోజు పొద్దున అత్త నా సంచిలో పేపరు పొట్లం ఒకటి కుక్కింది. విప్పితే రెండు చుట్టలు. మా వైపు పెద్ద ముసలమ్మలు చుట్టని నిప్పు లోపలికి పెట్టి కాలుస్తారు, అడ్డపొగ అంటాం. మా అత్త తన చుట్టలు తనే చుట్టుకుంటుంది, ఎవరికీ ఇవ్వదు.

“ఒకటి ఆయనకి,” అంది, నా వైపు చూడకుండా. “అక్కడ ఉన్నాడంటేనే. నేకపోతే పారీకు, ఎనక్కి అట్టుకొచ్చీ. రెండోది, నీకు ఎవులైనా సెయ్యి వేస్తే ఆలకి.”

కాంచనబురి, పొద్దున్న

నా తోటి టీచర్లు ఏనుగులతో ఫోటోలు దిగడానికి వెళ్లిన రోజున నేను రైలెక్కి కాంచనబురి వచ్చాను. పేరు విని నేనేమీ కొత్త ఊరనుకోలేదు. మన కాంచనపురే, నాలుక కొద్దిగా తేడా. జపానుకి చిక్కి, ఆ రైలుదారి వేస్తూ చనిపోయిన తెల్ల సైనికుల సమాధులు ఇక్కడ రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి ఊళ్లో, రెండోది చుంకై అనే చోట, నది అవతల. అవతలిదే పాత శిబిరం ఉన్న నేల అని విన్నాను. ఎర్రయ్య నడిచి ఉంటే అక్కడ నడిచి ఉంటాడని నా లెక్క.

నది ఒడ్డున సైకిళ్లు అద్దెకిచ్చే కొట్టు. కొట్టావిడ పేరు నోయ్. బొద్దుగా, పొట్టిగా, మెడలో నాలుగు తాళాల గుత్తులు. మొట్టమొదటి ప్రశ్న, “హౌ ఓల్డ్?” నేను ముఖం ముడుచుకున్నాను. తర్వాత తెలిసింది, వయసు తేలితేగానీ ఎవరు అక్కో ఎవరు చెల్లో తేలదట, వరస తేలితేగానీ మాట సాగదట. మన దగ్గర కొత్త మనిషిని చూడగానే ఇంటిపేరు అడిగి, దాని వెనక కులం తవ్వుతారు. అక్కడ వయసుతో ఆగిపోతారు. నాకా పద్ధతి నచ్చింది. నాకు యాభై రెండు, ఆవిడకి యాభై ఎనిమిది. మా ఊళ్లో అక్కని అప్ప అంటామని చెప్పాను. “అప్ప, అప్ప” అని రెండుసార్లు అని చూసుకుని, సరిపోయిందన్నట్టు తల ఊపింది. రోజంతటికీ యాభై బాత్‌లు, మన నూట పాతిక పైచిలుకు.

గులాబీ రంగు సైకిలు, ముందు బుట్ట. కాలేజీ రోజుల తర్వాత నేను సైకిలు ముట్టలేదు. కాళ్లకి గుర్తుంది గానీ నడుముకి లేదు. నోయ్ అప్ప సైకిలు క్యారియర్ పట్టుకుని నా వెనక కొంత దూరం పరిగెత్తింది. వదిలేసిన సంగతి చెప్పలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడో చిన్నగా కనబడి చెయ్యి ఊపుతోంది.

నది దాటాక

వంతెన దాటగానే ఊరు అయిపోయింది. చెరకు, మొక్కజొన్న, అరటి. ఒక ఇంటి ముందు పనస చెట్టు కింద బల్ల మీద తొనలు ఒలిచి అమ్ముతున్నారు. మా ఉద్దానం పనస తిన్న నోటికి అది చప్పగా ఉంది, ఆ మాట పైకే అన్నాను. అమ్మినావిడకి అర్థం కాక ఇంకో రెండు తొనలు ఊరికే పెట్టింది. తిన్నాను. మొదటివాటి కన్నా బాగానే ఉన్నాయి.

కుక్కల గురించి నన్ను ఎవరూ హెచ్చరించలేదు. ప్రతి ఇంటికీ రెండు, ప్రతిదానికీ సైకిలంటే పగ. మా వీధి కుక్కల్ని అదిలించే కేకే వేశాను. వాటికి ఉత్తరాంధ్ర బాగా అర్థమైంది.

చుంకై

నేను పోట్లాడే మనసుతోనే లోపలికి వెళ్లాను, దాచుకోను. గేటు, దాని వెనక చదునుగా కత్తిరించిన పచ్చిక, పక్కన మెల్లగా నది. మన దగ్గర శ్మశానం అంటే కాళ్లు కడుక్కోకుండా ఇంట్లోకి రానివ్వని చోటు. ఇది పెళ్లికి సిద్ధం చేసిన తోటలా ఉంది. వరసలు వరసలుగా మోకాలి ఎత్తు రాళ్లు, వాటి మీద లోహపు రేకులు, రెండు రాళ్ల మధ్య ఒక పూలమొక్క. ఒక్కొక్కరికి పేరు, పటాలం, వయసు. తెల్లవాళ్లకి ఇంత జాగా, మా ఎర్రయ్యకి ఒక అక్షరం లేదా అని పళ్లు కొరుకుతూ మొదటి వరస చదవడం మొదలుపెట్టాను.

ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఇరవై మూడు. ఇరవై రెండు. నా మొదటి బ్యాచ్ పిల్లలకి ఇప్పుడు అంతకన్నా ఎక్కువ వయసుంటుంది. రాళ్ల మీద కింద చిన్న అక్షరాల్లో ఇంటివాళ్లు రాయించిన మాటలు. ఒకచోట తల్లి. ఒకచోట భార్య, అతను చూడని కూతురి తరఫున కూడా రాయించింది. ఆ రాయి దగ్గర నేను కూర్చుండిపోయాను. ఇరవై ఆరేళ్ల ఆ మనిషితో పోట్లాట పెట్టుకోవడం నాకు చేతకాలేదు. వాళ్లనీ ఖైదీలుగా పట్టుకొచ్చి చావబాదినవాళ్లు వేరు. వాళ్లకి పచ్చిక ఉండటం తప్పు కాదు, మావాళ్లకి లేకపోవడం తప్పు. ఈ రెండూ వేరని అర్థం కావడానికి నాకు నాలుగు వరసలు పట్టింది.

అయినా చివరి వరసదాకా చదివాను. మన పేరు ఒక్కటీ నా కంటికి కనబడలేదు. ఒక ముసలి తోటమాలి మోకాళ్ల మీద కూర్చుని రాయి చుట్టూ గడ్డిని కత్తెరతో కత్తిరిస్తున్నాడు. ఫోన్లో అనువాదం తెరిచి అడిగాను, “ఇక్కడ మా ఇండియావాళ్లు ఉన్నారా?”

ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఫోను గంభీరంగా పలికింది: “క్షమించండి. ఈ వరుసలలో మీ దేశము లభ్యం కాదు.”

“రైలుదారి వేసింది వీళ్లొక్కళ్లేనా? మలయా నుంచి తెచ్చిన కూలీలు ఎక్కడ? వాళ్లేమైనా గాల్లో కలిసిపోయారా?” నా గొంతు పెరిగింది. ఫోను ఎంత మెత్తగా మార్చి చెప్పిందో తెలీదు. ఆయన కత్తెర పక్కన పెట్టి, టోపీ తీసి, నన్ను చూశాడు.

“మీ తండ్రి ఎక్కడ నిల్వ చేయబడ్డారు?” అంది ఫోను.

“నా తండ్రి కాదు. మా అత్త తండ్రి.”

“చట్టపరమైన తల్లి యొక్క తండ్రి,” అని ఫోను ఖాయం చేసుకుంది.

ఆయన చేతులతో కూడా చెప్పాడు: నేల తవ్వినట్టు, దోసిలితో ఎత్తినట్టు, ఒకచోట పోగు పెట్టినట్టు. తన చిన్నతనంలో ఊళ్లో ఎక్కడ పునాది తవ్వినా ఎముకలు బయటపడేవట. ఎవరివో ఎవరికీ తెలీదు. గుడివాళ్లు ఏరి తెచ్చి ఒకచోట పెట్టి పైన గోపురం కట్టారట. ఫోను ముగించింది: “పేర్లు లేని వారు పట్టణములో ఆలయము వెనుక ఉన్నారు. వారు చాలా మంది. దయచేసి వంతెన తరువాత ఎడమకు తిరగండి.”

రెండు చేతులూ జోడించాను. ఆయనా జోడించాడు. ఆ ఒక్కటీ అనువాదం లేకుండా అయిపోయింది.

దంచిన బొప్పాయి

తిరుగుదారిలో వాన పట్టుకుంది. తొందరపడి తొక్కాను. నా చున్నీ కొస గొలుసులోకి పోయింది, నేను బురదలోకి పోయాను. పక్కనే రేకుల పాక, అందులో ఒకావిడ రోట్లో పచ్చి బొప్పాయి దంచుతోంది. రోకలి పక్కన పడేసి పరిగెత్తుకొచ్చి, బొప్పాయి కోసే కత్తితోనే నా చున్నీని సగానికి కోసేసింది. అడగలేదు, బతిమాలలేదు. నాకు మా అత్త గుర్తొచ్చింది.

ఆకలేసి అక్కడే కూర్చున్నాను. వెల్లుల్లి, పచ్చిమిరప, ఎండురొయ్యలు, బొప్పాయి తురుము, అన్నీ రోట్లో కలిపి దంచుతారు. ఆ ఎండురొయ్యల వాసనకి భావనపాడు తీరం కళ్ల ముందుకొచ్చింది. నాలుక మీద పెట్టుకునే సరికి తీపి! “పచ్చట్లో పంచదారేటమ్మా?” అని అరిచాను. ఆవిడ నా అరుపుని మెచ్చుకోలు అనుకుని ఇంకో గరిటె వేసింది. వెదురు బుట్టలో జిగురు అన్నం, చేత్తో ముద్ద చేసుకుని అద్దుకుని తినడం. చేత్తో తినే దేశంలో నాకు ఫిర్యాదు లేదు. నలభై బాత్‌లకి కడుపు నిండింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, మిరపకాయల వల్లే.

గుడి వెనక

వంతెన దాటి ఎడమకి తిరిగాను. తోటమాలి చెప్పినట్టే గుడి వెనక గోపురం ఉంది. పెద్దదేమీ కాదు. పచ్చిక లేదు, వరసలు లేవు, రేకుల మీద వయసులు లేవు. మెట్ల దగ్గర ఎండిన పూలు. పక్కన దేవతకి కట్టిన చిన్న గూడు, దాని ముందు ఎర్ర కూల్‌డ్రింక్ సీసాలు, ఒక్కొక్క దాంట్లో స్ట్రా కూడా వేసి ఉంది. మేం అమ్మోరికి సారా సాక పోస్తే అనాగరికం అని పాఠాలు చెప్పిన మహానుభావుల్ని ఇక్కడికి తీసుకొచ్చి నిలబెట్టాలి.

ఎర్రయ్య ఆ గోపురం కింద ఉన్నాడని నేను ప్రమాణం చేయలేను. ఆ దారిలో ఏ అడవిలో పడిపోయాడో, అసలు మలయా దాటాడో లేదో, నా దగ్గర కాగితం లేదు. నాకున్నది ఒక దేశం పేరు, దాన్ని తప్పుగా విన్న ఒక సంత. అత్త చెప్పింది గుర్తుంది: ఉన్నాడంటేనే ఇవ్వు, లేకపోతే వెనక్కి తీసుకురా. చుట్ట తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. క్లాసులో అయితే రుజువు ఎక్కడ అని అడిగేదాన్ని.

కింద ఉన్నవాళ్లలో ప్రతి ఒక్కరికోసమూ ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో ఒకరు తిట్టుకుంటూనో ఏడ్చుకుంటూనో ఉండి ఉంటారు. ఒకరి చుట్ట ఇంకొకరికి అందితే మాత్రం తప్పేముంది?

అగ్గిపెట్టె లేదు. గుళ్లో అగరొత్తులు వెలిగించే దీపం దగ్గర చుట్ట ముట్టించాను. వాకిలి తుడుస్తున్న ఒకావిడ చీపురు ఆపి చూసి, మళ్లీ తన పనిలో పడింది. ఇంట్లో పాతికేళ్లుగా చూసిన అలవాటుకొద్దీ నిప్పున్న కొస గోపురం వైపు తిప్పి పెట్టబోయాను. అంతలో తెలివొచ్చింది, మగవాడు కదా. కాలని కొస ఆయన వైపు తిప్పి మెట్టు మీద పెట్టాను.

“తాతా, ఎర్రయ్య తాతా,” అన్నాను. నాకు తెలీకుండానే ఇంటి మాట వచ్చేసింది. “నీ కూతురు బొబ్బిల్లో ఉన్నాది. నోరు గట్టిది, మోకాళ్లే బాగోలేవు. ఈ సుట్ట అదే సుట్టింది. మీ ఆవిడ తిట్టిన తిట్లు నీకు కావు. తప్పు మాట విన్నాది, అంతే.”

చుట్ట కాలినంతసేపూ మెట్టు మీద కూర్చున్నాను. వాన తుంపర్లు పడుతూనే ఉన్నాయి. అది ఆరలేదు.

నోయ్ అప్ప కొట్లో

సైకిలుకి బురద, నాకు బురద, చున్నీ సగం. తిట్టించుకోవడానికి సిద్ధపడ్డాను, జవాబులు కూడా దారిలోనే తయారు చేసుకున్నాను. నోయ్ అప్ప సైకిలు వైపు చూడనే లేదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్ల గొట్టం పట్టుకొచ్చి, కింద గొంతుక్కూర్చుని నా కాళ్లు కడగడం మొదలుపెట్టింది. “నా కంటే పెద్దదానివి, తప్పు” అని కాళ్లు లాక్కుంటే మోకాలి మీద ఒక్కటి వేసింది. ఊరుకున్నాను. నా జన్మలో నేను ఒక మాట తగ్గి ఊరుకున్న సందర్భాలు తక్కువ.

రెండో చుట్ట ఇచ్చాను. నిప్పు లోపలికి పెట్టి ఎలా కాలుస్తారో సైగ చేసి చూపించాను. నమ్మలేదు. నా నోరు తెరిపించి నాలుక చూసింది, కాలిందేమోనని. నేను కాల్చను, మా అత్త కాలుస్తుందన్నాను. ఆ చుట్టని తాళాల గుత్తి పక్కన మేకుకి దారంతో కట్టి వేలాడదీసింది.

బొబ్బిలి

అత్త మంచం మీద కూర్చుని, ఫోన్లో గోపురం ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎన్నో అడుగుతుందనుకున్నాను.

“సుట్ట ముట్టించినావా?”

“ముట్టించాను.”

“నిప్పు ఎటేపు ఎట్టినావు?”

“బయటికే. ఆయన మగవాడు కదా.”

“అదీ,” అంది. “రెండోది?”

“ఒక అప్పకి ఇచ్చాను. నా కాళ్లు కడిగింది.”

“మంచిది.” మళ్లీ ఫోటో చూసింది. “సయామేనంటావు.”

“కాగితం లేదత్తా. కానీ నేను సయామనే నమ్ముతున్నాను. పోలేదు, పట్టుకుపోయారు.”

ఫోను మంచం మీద పెట్టేసింది. తర్వాత మెల్లగా అంది, “అయితే మాయమ్మ తిట్లన్నీ ఏటవుతాయే?”

 

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం. డాబా మీద టార్పాలిన్ బరకం పరిచి చోడులు, అంటే రాగులు, ఎండబెట్టాం. తూర్పున మబ్బు పట్టి, చూస్తుండగానే పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. నేను మెట్లెక్కి పరిగెత్తేసరికి, మోకాళ్లు బాగోలేని మా అత్త నాకన్నా ముందే పైకి వచ్చేసి ఉంది. బరకం ఒక కొస రెండు చేతులా పట్టుకుని లాగుతోంది, కదలడం లేదు.

“సరోజా! ఒసే! ఆ కొస అట్టుకో. సాయం పట్టు!”

నేను అక్కడే నిలబడిపోయాను.

అత్త తల ఎత్తి నన్ను చూసింది. ముఖం మీద నుంచి వాననీళ్లు కారుతున్నాయి.

“ఏటలా సూత్తన్నావు? తడిసిపోతన్నాయి. సాయం పట్టవే.”

వెళ్లి రెండో కొస పట్టుకున్నాను.